మూత మామయ్య చలికూర

ఆరో కిలో ఉల్లిపాయలు తరుగుతూ మూత మామయ్య మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అది ఉల్లిపాయల ఘాటే తప్ప మరేమీ కాదని అప్పటికే మూడుసార్లు చెప్పాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"చూశావామ్మా, ఎంత ఘాటో ఈ పాయలు," అన్నాడు నాలుగోసారి.

"అవునండీ," అంది పక్కనే క్యారెట్ల చెక్కు తీస్తున్న కొత్తావిడ. అదే పాయల్లో సగం ఆమే తరిగింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

ఆ బస్సు డిపో క్యాంటీనులో ఆయనకు అది ఆఖరి రోజు, ఆమెకు మూడో రోజు. ముప్పై ఒక్క ఏళ్ళ వంటని మూడు రోజుల్లో అప్పజెప్పి వెళ్ళాలి. మొదటి రెండు రోజుల్లో ఏ పొయ్యికి మంట సరిగ్గా రాదో, స్టోరు గది తాళం ఎటు తిప్పాలో, ఏ బల్లకి ఒక కాలు పొట్టిదో అన్నీ చూపించేశాడు. ఆమె ప్రతిదీ ఓ చిన్న నోటు పుస్తకంలో రాసుకుంది. ఇక మిగిలింది చలికూర ఒక్కటే.

చలికూర అనేది డిపో వాళ్ళు పెట్టుకున్న పేరు. ఎముకతో కొట్టిన మాంసాన్ని ఎర్రగా వేయించి, దుంపలు, ఉల్లిపాయలు వేసి, ఇనప గుండిగకి మూత బిగించి, సన్నటి సెగ మీద నాలుగు గంటలు మగ్గబెట్టే కూర అది. చలికాలం వచ్చిన మొదటిరోజు వండి తీరాలి. ఆ రోజు ఎప్పుడన్నది తేల్చేవి గేటు దగ్గరుండే వాచ్‌మన్ మోకాళ్ళు. ముందురోజు సాయంత్రం ఆయన కుంటుకుంటూ వచ్చి, "బావా, మోకాళ్ళు పలికాయి," అన్నాడంటే తెల్లారేసరికి పదహారు కిలోల మాంసం దిగాల్సిందే. రేడియోలో చెప్పే వాతావరణం ఎన్నిసార్లు తప్పిందో గానీ, ఆ మోకాళ్ళు మాత్రం ఒక్కసారి కూడా తప్పిన పాపాన పోలేదు.

ఈ ఏడు అవి మొండికేశాయి. ఆయన రిటైరయ్యే నెలాఖరు ముంచుకొస్తున్నా చలి జాడ లేదు. చలికూర వండకుండానే వెళ్ళిపోవాల్సి వస్తుందేమోనని మూత మామయ్యకు దిగులు పట్టుకుంది. రోజూ సాయంత్రం గేటు దగ్గరికెళ్ళి, "ఎలా ఉన్నాయి బావా?" అని అడిగేవాడు. "పదహారేళ్ళ కుర్రాడికున్నట్టున్నాయి బావా, నేనేం చెయ్యను?" అని వాచ్‌మన్ తప్పు చేసినవాడిలా తల దించుకునేవాడు. ఒకాయన మోకాళ్ళు నొప్పెట్టాలని ఇంకొకాయన ఎదురుచూడటం, నొప్పెట్టడం లేదని ఈయన మొహం చిన్నబుచ్చుకోవడం చూసి డిపో అంతా నవ్వుకుంది. నిన్న సాయంత్రం వాచ్‌మన్ రెండు చేతులతో గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"చంపేస్తున్నాయి బావా!" అన్నాడు.

ఇద్దరూ కావలించుకోవడం ఒక్కటే తక్కువ.

తెల్లవారుజామున బస్సుల అద్దాల మీద మంచు తెల్లగా పేరుకుంది. ఇంజన్లు దగ్గి దగ్గి గానీ కదల్లేదు. మూత మామయ్య ఏనుగెక్కినంత సంబరంగా అందరికంటే ముందొచ్చాడు. వస్తూనే తన సామానంతా గుడ్డసంచిలో సర్దేశాడు. సాయంత్రం తీరిగ్గా సర్దుకుంటూ కూర్చుంటే అందరూ చుట్టూ చేరి మొహాలు వేలాడేస్తారని ఆయన భయం. వీడ్కోలు సభ కూడా వద్దనే చెప్పాడు. ఉపన్యాసాలు పూర్తయ్యేలోగా కూర చల్లారిపోతుందన్నాడు. మేనేజరు ఒప్పుకున్నాడు. ఆయనకూ ఆకలి విలువ తెలుసు.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం గోనెబస్తాలు మోసేవాడిలా ఉంటాయి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఎడమ చెవి ఎప్పుడూ కాస్త గుండిగ వైపు వాలి ఉంటుంది. ఆయన కూరని కంటితో చూడడు, చెవితో వింటాడు. మూత మామయ్య అన్న పేరు అందుకే వచ్చింది. చేరిన కొత్తలో ఎవరో ఆత్రం కొద్దీ గంటకోసారి మూత ఎత్తి చూస్తే, ఆవిరంతా పోయి మాంసం చెప్పు తోలులా తయారైందట. ఆ మర్నాటి నుంచి గుండిగ అంచు చుట్టూ పిండి ముద్ద అతికించి సీలు వేయడం మొదలుపెట్టాడు. ఒంటిగంట సైరన్ మోగేదాకా మేనేజరైనా సరే దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆయనకి ఇంకో పట్టుదల కూడా ఉంది. క్యాంటీనులో ఏ బల్ల మీదా ఉప్పు ఉండకూడదు. పాతికేళ్ళ కిందట ఓ డ్రైవరు రుచైనా చూడకుండా కూరలో ఉప్పు జల్లుకున్నాడు. "నేను వేసిన ఉప్పు మీద మళ్ళీ ఉప్పా!" అని ఆ పూటే బల్లల మీది ఉప్పు గిన్నెలన్నీ ఎత్తించేశాడు. అవి మళ్ళీ కిందికి దిగలేదు.

"ఇప్పుడు చూడు," అన్నాడు కొత్తావిడతో, పెద్ద మూకుట్లో కొవ్వు కరుగుతుంటే. "ముక్కలన్నీ ఒకేసారి గుమ్మరించకు. మూకుడు చల్లబడిపోతుంది. నీళ్ళు ఊరతాయి. అప్పుడది వేగదు, ఉడుకుతుంది. ఒక వరస వెయ్యి, కదపకు. అది తనంతట తాను మూకుణ్ణి వదిలేదాకా ఆగు."

"ఎంతసేపు?" పెన్సిలు పట్టుకుని అడిగింది.

"చెప్పానుగా, అది వదిలేదాకా."

ఆమె అదే రాసుకుంది.

పదహారు కిలోలూ వేగేసరికి రెండున్నర గంటలు పట్టింది. వంటగది నిండా కమ్మటి పొగ. మూకుడు అడుగున పట్టిన ఎర్రటి మాడుని ఆమె పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. అందులో ఎముకల రసం పోసి గరిటెతో గీకి గీకి గుండిగలోకి ఒంపాడు. రుచంతా అక్కడే ఉందన్నాడు. తరవాత ఉల్లిపాయలు, పొట్టు తీయని వెల్లుల్లి పాయలు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, క్యారెట్లు, బంగాళాదుంపలు, గుప్పెడు పిండి. పాలవాడొచ్చి క్యాన్లు దింపితే లెక్క చూసుకుని వచ్చాడు. మూత పెట్టాడు. అంచు చుట్టూ పిండి తాడు అతికించి బొటనవేలితో నొక్కుకుంటూ ఒక చుట్టు తిరిగాడు. మంట బాగా తగ్గించి గుండిగ దగ్గర చెవి పెట్టి విన్నాడు. లోపల ఎవరో గొణుక్కుంటున్నట్టు చిన్న చప్పుడు.

"అదీ. ఇలాగే గొణగాలి. అరిచిందంటే మంట ఎక్కువైనట్టు. నోరు మూసుకుందంటే పొయ్యి ఆరినట్టు."

కొత్తావిడ కూడా చెవి పెట్టి విని నవ్వింది. "మా అత్తగారు ఇలాగే గొణుగుతారు," అంది. మూత మామయ్య పగలబడి నవ్వాడు. ఈ పిల్ల చేతిలో గుండిగకి లోటు రాదనిపించింది.

సరిగ్గా పది గంటలకి ఆమె రొట్టెల పిండి కలపడం పూర్తిచేసి, నోటు పుస్తకం తెరిచి, పొద్దుటి నుంచి రాసిందంతా ఒకసారి చదువుకుంది. పెన్సిలు చెవి వెనకాల పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"మామయ్యగారూ, ఒక్కటి రాసుకోలేదు. ఉప్పు ఎప్పుడు వేశారు?"

"బాగుంది! వంటవాణ్ణి పట్టుకుని ఉప్పెప్పుడు వేశావని అడుగుతారా ఎవరైనా?"

"అది కాదండీ, ఎంత వేశారో రాసుకుందామని."

"చేతికొచ్చినంత," అన్నాడు ఆయన గంభీరంగా. అని, సింకు దగ్గరికెళ్ళి గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తూ ఆలోచనలో పడ్డాడు. పొద్దుటి నుంచి చేసిందంతా వరసగా గుర్తొస్తోంది. వెల్లుల్లి, మిరియాలు, క్యారెట్లు, పాలవాడు, మూత. మధ్యలో ఎక్కడా ఉప్పు తగల్లేదు. వేసే ఉంటాను, ముప్పై ఒక్క ఏళ్ళ చెయ్యి మరిచిపోతుందా అని సర్ది చెప్పుకున్నాడు. పై అర వైపు తలెత్తి చూశాడు.

ఉప్పు డబ్బా అక్కడ లేదు.

వెళ్ళి గుడ్డసంచి విప్పాడు. రేడియో కింద, కళ్ళజోడు పెట్టె పక్కన, ఏప్రన్‌లో చుట్టి భద్రంగా ఉందది. తెల్లవారుజామున సర్దిన సామానులో మొట్టమొదట సర్దింది దాన్నే. అది బిస్కెట్ల డబ్బా. దాని మీద ఒకప్పుడు రెండు హంసలు ఉండేవి. ఇప్పుడు ఒకదాని మెడ మాత్రం మిగిలింది. ఉద్యోగంలో చేరిన రోజున భార్య అందులో ఉప్పు నింపి చేతికిచ్చింది. "కొత్త వంటింట్లో ఉప్పెక్కడుందో అని దేవులాడుకోకండి," అంది. అప్పటి నుంచి ఆ డబ్బా పై అర దిగలేదు. ఇవాళ దిగింది, దిగి సంచిలో కూర్చుంది. అంటే పొద్దున్నుంచి గుండిగలో ఉప్పన్నది పడలేదు. మూత మామయ్య పప్పులో కాలేశాడు, అదీ ఆఖరి రోజున, నూటపది మంది ముందు.

కొత్తావిడకి చెప్పక తప్పలేదు. చెవిలో చెప్పాడు, అక్కడింకెవరూ లేకపోయినా.

"అంతేగా? సీలు విప్పి వేసేద్దాం. మళ్ళీ అతికిద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుందిగా."

"నేనెవరికీ చెప్పనండీ."

"చెప్పవు. కానీ రేపు నువ్వూ విప్పుతావు. మూత మామయ్యే విప్పాడు, నేను విప్పితే ఏంటి అనుకుంటావు. ఎల్లుండి గంటకోసారి విప్పుతావు." ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నేను నీకిచ్చి వెళ్ళేది ఆ ఒక్క మాటేనమ్మా. అది కూడా నేనే తప్పితే ఇంకేం మిగిలింది?"

ఆమె ఆయన పక్కనే ఇంకో స్టూలు లాక్కుని కూర్చుని రొట్టెలు వత్తడం మొదలుపెట్టింది. మూడు గంటలసేపు గుండిగ గొణుగుతూనే ఉంది. ఎప్పుడూ సంగీతంలా వినే ఆ చప్పుడు ఆ పూట మూత మామయ్యని దెప్పిపొడుస్తున్నట్టు అనిపించింది.

సైరన్ మోగింది. డిపో మొత్తం చేతులు రుద్దుకుంటూ, ఊపిరి పొగలు వదులుతూ లోపలికొచ్చింది. మూత మామయ్య ఎండిన పిండి తాడుని కత్తి వెనక భాగంతో టకటకా కొట్టి పగలగొట్టాడు. మూత లేచింది. వేగిన మాంసం వాసన, మెత్తబడిన వెల్లుల్లి వాసన, మిరియాల వాసన కలిసి ఆవిరితో పాటు పైకప్పు దాకా లేచి హాలు మీదికి దిగాయి. మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో గట్టిగా గుటక మింగిన చప్పుడు వినిపించింది.

ఆయన చెంచాతో రుచి చూశాడు. ముక్క నాలుక మీద విడిపోయింది. దుంప వెన్నలా ఉంది. ఉప్పు మాత్రం రవ్వంతైనా లేదు. ఇప్పుడు డబ్బా గుమ్మరించి కలిపితే అంత మెత్తటి ముక్కలన్నీ నలిగి గుజ్జయిపోతాయి. అలా చేయడానికి చేతులు రాలేదు.

కొత్తావిడ వడ్డన మొదలుపెట్టింది. అందరి ముందూ గిన్నెలొచ్చాయి. మూత మామయ్య లోపలికెళ్ళి సంచిలోని ఏప్రన్ చుట్టు విప్పి డబ్బాని చేతిలోకి తీసుకున్నాడు. వంటగది నుంచి మధ్య బల్ల దాకా పన్నెండు అడుగులు. అంత దూరం ఆయన జీవితంలో ఎప్పుడూ నడవలేదు. డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాడు.

"ఇవాళ కూరలో ఉప్పు లేదు," అన్నాడు. "మరిచిపోయాను. ఎవరికి కావాల్సినంత వాళ్ళు వేసుకోండి."

అంతా కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. ఎవరూ డబ్బా వైపు చూడటం లేదు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. చివరికి వెల్డరు నెమ్మదిగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, ఓ అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అందులో అగ్గిపుల్లలు లేవు. ఉప్పుంది.

తొమ్మిదో నంబరు బస్సు నడిపే డ్రైవరు జేబులోంచి పాత టిక్కెట్టు మడిచి కట్టిన పొట్లం బయటికొచ్చింది. ఆ పక్కాయన మాత్రల సీసా తీశాడు. ఆఫీసు గుమస్తా పెన్ను మూతలోంచి ఉప్పు దులిపాడు. అలా బల్ల తరవాత బల్ల. అయిదు నిమిషాల్లో క్యాంటీనంతా పొట్లాలే.

"ఏంటిది?" అన్నాడు మూత మామయ్య.

"గేటు దగ్గర ఇస్తారు మామయ్యా," అన్నాడు వెల్డరు నేల చూపులు చూస్తూ. "అన్నానికి వచ్చేటప్పుడు తలా ఒక పొట్లం. బల్ల కింద పెట్టుకుని వేసుకుంటాం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదిహేనేళ్ళు."

మూత మామయ్య గుమ్మం వైపు తిరిగాడు. వాచ్‌మన్ దొంగతనం బయటపడ్డవాడిలా తలుపు చాటున నక్కాడు.

"అన్నేళ్ళూ నా వంటకి ఉప్పు తక్కువైందన్నమాట," అన్నాడు ఆయన. "ఒక్కడు, ఒక్కడైనా చెప్పలేదు!"

"చెబుదామనే అనుకున్నాం బావా," అన్నాడు వాచ్‌మన్ చాటు నుంచి బయటికొచ్చి. "మా చెల్లెమ్మకి కిడ్నీలు పాడై, డాక్టరు ఉప్పు మానమన్న ఏడాది నుంచి నీ చెయ్యి తగ్గింది. ఇంట్లో నువ్వు కూడా చప్పిడి కూడే తిన్నావని తెలుసు. తనొక్కతే చప్పిడి తింటుంటే నీకు ముద్ద దిగదని తెలుసు. ఆ నాలుకతో ఇక్కడ వండేవాడివి. నీకది సరిగ్గా సరిపోయేది. ఇక మేమేం చెప్తాం?"

"తను పోయి ఆరేళ్ళయింది కదయ్యా."

"ఆరేళ్ళయినా నువ్వు తన రుచే వండుతున్నావు. చెడగొట్టడానికి మాకు మనసు రాలేదు."

మూత మామయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళు రోజూ ఒకే గిన్నెలోంచి ఇద్దరూ తిన్న ఆ చప్పిడి కూరలు గుర్తొచ్చాయి. ఎదురుగా కూర్చుని, "ఎలా ఉందండీ?" అని ఆవిడ అడగడం గుర్తొచ్చింది. "అదిరింది," అని ఆయన రోజూ చెప్పేవాడు. అబద్ధంగా మొదలుపెట్టిన ఆ మాట ఏ రోజు నిజమైపోయిందో ఆయనకే తెలియదు. ఆవిడని తన నాలుక మీద మోసుకుంటూ ఇన్నేళ్ళు వండాడు. ఆ సంగతి తనకి తప్ప డిపో అందరికీ తెలుసు. ఆయనకి ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి.

"ఉల్లిపాయల ఘాటండీ," అంది గరిటె పట్టుకుని నిలబడ్డ కొత్తావిడ.

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లో పొట్లాలన్నీ విప్పుకున్నాయి. పదిహేనేళ్ళలో మొదటిసారి అందరూ బల్ల పైనే, చేతులెత్తి మరీ ఉప్పు జల్లుకున్నారు. పొట్లం లేనివాళ్ళు డబ్బా కోసం లాక్కున్నారు. ఎముకలు జుర్రుకునే చప్పుళ్ళు, రొట్టెతో గిన్నె అడుగు తుడిచే చప్పుళ్ళు, మళ్ళీ వడ్డించమనే కేకలు. బీపీ మాత్రలు మింగే టైర్ల మేస్త్రీ ఒక్కడు మాత్రం ఉప్పు ముట్టుకోలేదు. "ఇంట్లో మా ఆవిడ కూడా ఇంత చప్పగా వండలేదు మామయ్యా. ఇన్నేళ్ళకి నాకు సరిపోయే కూర వండావు," అని మూడు గిన్నెలు లాగించాడు. మూత మామయ్య వెల్డరు పక్కనే ఇరుక్కుని కూర్చుని తిన్నాడు. ఉప్పు వేసుకుని ఒక గిన్నె, వేసుకోకుండా ఒక గిన్నె తిన్నాడు. రెండోదే బాగుందన్నాడు. ఎవరూ కాదనలేదు.

గుండిగ అడుగు కనిపించింది. దాన్ని తోమడం తన పనేనని పట్టుబట్టి తోమి బోర్లించాడు. ఆయన కూతురు టైలరు షాపు నడుపుకునే ఊరికి సాయంత్రం నాలుగింటికి తొమ్మిదో నంబరు బస్సు బయల్దేరుతుంది. షాపు పైన గది, గదికి కిటికీ, తాతయ్య ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసే ఇద్దరు పిల్లలు ఉన్నారు. పదహారు కిలోలకి అలవాటుపడ్డ చేత్తో ఇక అరకిలో వండటం నేర్చుకోవాలి. అదే ఇప్పుడు తన కష్టమని కొత్తావిడతో చెప్పి నవ్వాడు.

"ఆ పుస్తకంలో ఆఖరి మాట రాసుకో," అన్నాడు సంచి భుజాన వేసుకుంటూ. "మూత తియ్యొద్దు. ఉప్పు మాత్రం నీ నాలుకనే అడుగు. నా నాలుకని నమ్మొద్దు."

ఆమె రాసుకుంది. రాసుకుని, వంగి ఆయన సంచి మూతి ముడేసింది. "అప్పుడప్పుడు వచ్చి తినండి మామయ్యగారూ," అంది.

"వస్తా. మోకాళ్ళు పలికితే కబురు పెట్టండి."

గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. ఎన్నడూ లేనిది, వంగని కాళ్ళతో నిటారుగా నిలబడి కొట్టాడు. "పొట్లం కావాలా బావా, దారికి?" అన్నాడు. మూత మామయ్య తిట్టబోయి నవ్వేసి, చెయ్యి చాచి తీసుకున్నాడు. బస్సు కదిలింది. డిపోలోంచి బయటికి వెళ్ళేటప్పటి మామూలు హారనే కొట్టాడు డ్రైవరు, కాకపోతే కాస్త ఎక్కువసేపు కొట్టాడు.

ఆ హారను విని కొత్తావిడ హాల్లోకొచ్చింది. బల్లలు తుడవడానికి గుడ్డ తడిపింది. అప్పుడు చూసిందామె. సంచిలోకి తిరిగి వెళ్ళాల్సిన బిస్కెట్ల డబ్బా మధ్య బల్ల మీదే ఉంది. అందులో సగానికి పైగా ఉప్పు, ఉప్పులో నిలబెట్టిన ఓ చెంచా. పక్కనే, ఒక హంస మెడ మిగిలిన మూత వెల్లకిలా పడి ఉంది.